గేటు దగ్గర గుస్సాడి

ఆ మధ్య హైదరాబాదులో ఒక ప్రదర్శన కళల ఉత్సవంలో మేం రెండు నాట్యాలు చూశాం. ఒకటి కాంటెంపరరీ డాన్స్: చీకటి హాలు, టిక్కెట్టు, 45 నిమిషాలు. రెండోది గుస్సాడి: ముఖ్య అతిథి కారు దిగి లోపలికి నడిచేదాకా గేటు దగ్గర, తర్వాత వేదిక మీద 8 నిమిషాలు. కరపత్రంలో మొదటిదానికి నర్తకి పేరు, గురువుల పేర్లు, లైట్లు వేసినాయన పేరు సైతం ఉన్నాయి. రెండోదానికి 'ఆదిలాబాద్ గిరిజన బృందం' అని ఒక్క ముక్క.

పేర్లు వెయ్యలేదన్న ఫిర్యాదుతో ఆగితే నిర్వాహకులు వచ్చే ఏడు పేర్లేసి చేతులు దులుపుకుంటారు. మా పేచీ 'సమకాలీన' అన్న మాటతో. ఒకరిని సమకాలీనం అన్నామంటే పక్కవాళ్లు నిన్నటివాళ్లని చెప్పకుండానే చెప్పినట్టు. మర్లవాయి కనకరాజు గుస్సాడిని ఎంతోమంది యువకులకి నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో చనిపోయారు. ఆయన మన కాలపువాడు కాకపోతే మరెవరు?

నర్తకి పనిని మేం తక్కువ చెయ్యం. నేలకొరిగి, లేచి, మళ్లీ ఒరిగే ఆ చివరి భాగం నిజంగా బాగుంది. అయితే అందులో రికార్డు చేసిన డప్పు వినబడింది. దెబ్బ ఉంది, కొట్టిన చెయ్యి లేదు. చావుకీ చాటింపుకీ వెట్టిగా కొట్టించుకున్న ఆ డప్పునే 1994లో మాదిగలు తమ పోరాటానికి దండోరా అని పేరు పెట్టుకుని వీధుల్లో మోగించారు. డప్పు సమకాలీనమైంది అక్కడ. ఏ కొరియోగ్రాఫరూ దాన్ని ఉద్ధరించలేదు.

గుస్సాడి సంగతి ఇంకా చిక్కు. దీపావళి రోజుల్లో రాజ్‌గోండుల దండారి బృందం ఊరినుంచి ఊరికి అతిథిగా పోతుంది. నెమలీకల కిరీటం, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర. దీక్షలో ఉన్నన్నాళ్లు గుస్సాడీలు స్నానం చెయ్యరు. ఆ ఊరు వాళ్లకి ఎదురొస్తుంది, అన్నం పెడుతుంది, కలిసి ఆడుతుంది. రెండూళ్ల మధ్య చుట్టరికాలు కలిసేదీ ఇట్లాంటి రాకపోకల్లోనే. ఇదంతా తీసేసి కిరీటాన్ని మాత్రం వేదికెక్కిస్తే మిగిలేది వేషం. పైగా దండారిలో అతిథి గుస్సాడి. ఇక్కడేమో అతిథి కారులో వచ్చినాయన, గుస్సాడి ద్వారపాలకుడు!

అట్లాగని వాళ్లు ఊళ్లోనే ఉండాలి, వేదిక ఎక్కగూడదు అనడం మా ఉద్దేశం కాదు. అదీ ఒక రకం అగ్రహారపు బుద్ధే. ఎంతసేపు ఆడాలో, ఏది చూపాలో, ఏది చూపగూడదో వాళ్లనడిగారా అన్నదే ప్రశ్న.

ప్రదర్శన అయ్యాక కిరీటాలు గుడ్డల్లో చుట్టుకుని వాళ్లు బస్సుకోసం నిలబడ్డారు. అందులో ఒకతను "మీరెవరూ ఆడరా?" అని అడిగాడు. అప్పటికి మేం ఫోటోలు తీసుకుంటున్నాం.