ముందు కొత్త చోటు

ఈ వారం మా మేనకోడలు నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు ఇల్లు మారింది. సాయం చేద్దామని పోతే హాల్లో అట్టపెట్టెలు అప్పటికే వరుసగా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టెకూ నంబరు, చేరాల్సిన గది పేరు. అవి కూడా మూత మీద కాదు, పక్కన రాసింది. ఒకదాని మీద ఒకటి పెడితే కనిపించేది పక్కే గదా! పుస్తకాలు చిన్న పెట్టెల్లో, దుప్పట్లు పెద్దవాటిలో. పింగాణీ పళ్లాలను నిలువుగా పెట్టి మధ్యలో కాగితాలు కుక్కింది. చూసి మనసు నిండిపోయింది.

హమాలీల సంగతిలో నాకో పట్టుంది. ఎన్ని మెట్లెక్కాలి, బీరువా ఎంత బరువు, సందులోకి డీసీఎం బండి వస్తదా రాదా, ఇవన్నీ కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పాలి. ఆ తర్వాత బండి దగ్గర పెద్దరికం వాళ్లదే. బరువు సామాను ముందెక్కించి కేబిన్ వైపు తాళ్లతో కట్టేస్తారు. ఆఖరున ఎక్కింది మొదట దిగుతుంది కాబట్టి పొయ్యి, పాలగిన్నె, దేవుడి పటం చివరికి ఉంచాలి.

పెట్టెల మీది ఆ నంబర్లు చూస్తుంటే అలంపురం గుర్తొచ్చింది. అక్కడున్న సంగమేశ్వరాలయం అసలు చోటు కూడవెల్లి, తుంగభద్ర కృష్ణలో కలిసే దగ్గర. చాళుక్యుల నాటి ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అట్లా తరలించిందే. అంతకు ముందు నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, అక్కడి కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికీ, అనుపు అనే చోటికీ చేర్చారు.

గుడిని కదిలించే పద్ధతి ఎంత చెప్పుకున్నా తనివి తీరదు. ముందు కొలతలు, ఫొటోలు, పటాలు. తర్వాత రాయి రాయికీ నంబరు. శిఖరం నుంచి కిందికి విప్పుకుంటూ వస్తారు. పునాది వరుస అన్నిటికన్నా ఆఖరున లేస్తుంది, కొత్త చోట అన్నిటికన్నా ముందు పడుతుంది. అంటే ఆ రాళ్లు చేరేసరికి అక్కడ నేల చదునై, గట్టిపడి, ఎదురుచూస్తూ ఉండాలి.

అదే శ్రీశైలం నీళ్ల కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో లక్ష మంది వరకు ఊళ్లు విడిచారు. 1981 ఎండాకాలంలో ఇళ్లు కూలగొట్టారు. జనం దర్వాజాలు, దూలాలు ఊడదీసుకుని ఎడ్లబండ్ల మీద వేసుకుపోయారు. పోయి దిగడానికి సిద్ధమైన ఊరు చాలామందికి లేదు. రాళ్లకు దక్కిన వరుస మనుషులకు దక్కలేదు.

సర్దడం పాతింటి అటక దగ్గర మొదలవ్వాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. గుడిని కదిలించినవాళ్ల పద్ధతి తలచుకుంటే ఇప్పుడు ఆ మాట మార్చుకోవాలనిపిస్తోంది. సర్దడం కొత్త చోట మొదలవ్వాలి. గదులు కొలుచుకోవాలి, ఏ గోడకు ఏది ఆనాలో తేల్చుకోవాలి, నీళ్లు, కరెంటు చూసుకోవాలి. పాతింట్లో మొదటి పెట్టె కట్టేది ఆ తర్వాతే.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల కింద జడ్చర్ల దగ్గర ఉదండాపూర్ జలాశయం ఉంది. అక్కడ ఊరు ఊరే కదలాలి. 2013 భూసేకరణ చట్టం సామాను, పశువుల తరలింపుకు కుటుంబానికి 50 వేల రూపాయలు ఇవ్వమంది. సాగునీటి ప్రాజెక్టయితే భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలని కూడా అంది. నాకు ఆ డబ్బు కన్నా ఆ ఆరు నెలలు పెద్దవి. డబ్బు లారీ కిరాయికి సరిపోవచ్చు. కానీ కొత్త ఊళ్లో నల్లా, బడి, బాట, పశువుల కొట్టం లేకుండా లారీని పిలవమనే హక్కు ఎవరికీ లేదు. పాలమూరులో ఇక ముందు ఏ ఊరు ఖాళీ చేయించినా, అధికారులు ముందుగా చూపించాల్సింది కట్టి సిద్ధంగా ఉన్న ఇళ్లే.