ఆవకాయ సీసా మీద తెలుగు

దుకాణాల్లో అమ్మే ఆవకాయ సీసాల లేబుళ్లలో తరచుగా కనిపించే ఒక లోపాన్ని ఇక్కడ పరిశీలిద్దాం. ముందువైపు పచ్చడి పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో, ముగ్గుల అంచుతో, మామిడికాయ బొమ్మతో కళకళలాడుతుంది. సీసా తిప్పగానే తెలుగు మాయమవుతుంది. దినుసులు, సోడియం పరిమాణం, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ అన్నీ సన్నని ఇంగ్లీషులోనే ఉంటాయి. రక్తపోటు వల్ల ఉప్పు తగ్గించుకోవలసిన, తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవారికి ఆ లేబుల్ నోరూరిస్తుందే తప్ప ఏమీ చెప్పదు. (శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క ఒక్కటే అందరికీ అర్థమవుతుంది.)

2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉండాలి. అదనంగా మరో భాష వాడుకోవడానికి అభ్యంతరం లేదు. కాబట్టి తెలుగు లేకపోవడం చట్టం పెట్టిన అడ్డంకి కాదు, లేబుల్ రూపొందించినవారి ఎంపిక.

చోటు చాలదన్నది సాధారణంగా వినిపించే సమాధానం. ఇందులో కొంత నిజముంది. పై పంక్తిలోని వత్తులు కింది పంక్తిలోని గుడులను తాకకుండా ఉండాలంటే పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి. అక్షరం మరీ చిన్నదైతే వత్తు సిరా మరకలా కనిపిస్తుంది. కానీ గాజు సీసాలోని ముక్కలు ఎలాగూ కంటికి కనిపిస్తున్నప్పుడు మామిడికాయ బొమ్మకు అంత చోటెందుకు? ఆ చోటులో దినుసులు, తేదీ తెలుగులో హాయిగా పడతాయి.

కాగితాన్ని కూడా చూడాలి. నూనె కారే సీసాకు మామూలు కాగితం అంటిస్తే అది నూనె పీల్చుకొని మసకబారుతుంది. ముందుగా చదవరాకుండా పోయేవి ఆ సన్నని అక్షరాలే. పచ్చళ్లకు ప్లాస్టిక్ పొర లేబులే నయం.