నిత్యం తిరిగే కారుకు ఒక్క పాలిష్ చాలు

కారు రంగు అని మనం అనుకునేది నిజానికి నాలుగు పొరలు. రేకు తుప్పు పట్టకుండా అడుగున ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన అసలు రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. 1980ల నుంచి ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఫ్యాక్టరీలో వేసే క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. చాలామంది తలవెంట్రుక అంతకన్నా లావుగా ఉంటుంది. ఎండనూ వాననూ కాచేది ఆ పలచని పొరే. పాలిష్ పట్టడమంటే దాన్ని కాస్త అరగదీయడం. మెరుపు అమ్మేవాళ్ళు ఈ మాట అంత తొందరగా చెప్పరు.

నల్ల కారునో ముదురు నీలం కారునో నడి ఎండలో నిలబెట్టి చూడండి. బానెట్ మీద సూర్యుడి మెరుపు చుట్టూ సాలెగూడులాగా సన్నని గీతలు కనిపిస్తాయి. షాపులవాళ్ళు స్విర్ల్ మార్కులు అంటారు. వీటిలో ఎక్కువ భాగం రోడ్డు మీద పడ్డవి కావు, ఇంటి దగ్గర పడ్డవి. అపార్టుమెంట్ల సెల్లార్లలో పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాడికి ఉండేది ఒక బకెట్టు, ఒక పాతగుడ్డ. ముందు నీళ్ళు కొట్టి దుమ్ము దించకుండా తుడిస్తే ఆ ఇసుక రేణువులే రంగును గీస్తాయి. తప్పు అతనిది కాదు. మనం ఇచ్చే డబ్బుకు, నీళ్ళకు అంతకన్నా పని రాదు. దీనికి తోడు బోరునీళ్ళు ఎండకు ఆరి మిగిల్చే తెల్ల మరకలు.

ఈ గీతల్ని పూర్తిగా తీసేసే పద్ధతి ఉంది. ముందు ముతక కాంపౌండ్, తర్వాత మధ్యరకం పాలిష్, ఆఖరున మెత్తటిది. రెండు మూడు రోజుల పని. ప్రదర్శనకు పెట్టే కారుకు అది తగినదే. కానీ రోజూ ఆఫీసుకు వెళ్ళి, మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో నిలబడి, రోడ్డు పక్కన పార్క్ చేసుకునే కారు మీద నెల తిరక్కుండా కొత్త గీతలు పడతాయి. వాటికోసం మళ్ళీ మూడు దశలూ చేయిస్తే క్లియర్ కోట్ కరిగిపోతూ వస్తుంది. ఒకసారి పోయిన పొర మళ్ళీ రాదు, ఆ భాగానికి కొత్తగా పెయింటింగ్ చేయించాల్సిందే. అందుకే ఒకే ప్యాడ్ రకం, ఒకే పాలిష్, ఒకే దఫా. సన్న గీతల్లో సగానికి పైగా పోతాయి, లోతైనవి ఉంటాయి. ఉండనివ్వడమే ఈ పనిలో అసలు నైపుణ్యం అంటాను.

పాలిషింగ్ మెషీన్ పట్టుకునే ముందే సగం పని అయిపోవాలి. నీళ్ళతో దుమ్ము దించాలి, షాంపూతో కడగాలి. బ్రేకుల నుంచి రాలి రంగులో దిగబడిన ఇనుప రేణువులకు ఐరన్ రిమూవర్ కొడితే అది ఊదా రంగుకు తిరిగి కారుతుంది. ఆ తర్వాత అరచేతిని పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి రంగు మీద నిమరండి. గరుకు తగిలితే క్లే బార్ అనే మెత్తటి బంకముద్దను తడి మీద రుద్దాలి. క్లే కూడా చిన్న చిన్న గీతలు పెడుతుంది కాబట్టి పాలిష్ చేయనప్పుడు ఊరికే దాని జోలికి పోవద్దు. నల్ల ప్లాస్టిక్ అంచులకు మాస్కింగ్ టేపు అంటించాలి, లేకపోతే ఎండిన పాలిష్ తెల్లగా పట్టుకుని వదలదు.

డెంటింగ్ షెడ్లలో కనిపించే రోటరీ మెషీన్ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది. వేగంగా కోస్తుంది, అంతే వేగంగా వేడెక్కిస్తుంది. చెయ్యి తిరగనివాళ్ళు వాడితే ఎండలో అలల్లాంటి మరకలు తేలతాయి. డ్యుయల్ యాక్షన్ మెషీన్‌లో ప్యాడ్ తిరుగుతూనే పక్కకు ఊగుతుంది. వేడి ఒకేచోట పోగవదు. ఇంటి దగ్గర నేర్చుకునేవాళ్ళకు ఇదే క్షేమం.

ముందు బానెట్ మీద రెండడుగుల చదరం ఎంచుకుని పరీక్ష చేయాలి. మధ్యరకం ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగైదు చాలు. మెషీన్ ఆపి ఉండగానే పాలిష్‌ను పులమాలి, తర్వాత మధ్య వేగంలో నెమ్మదిగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఇలా నాలుగు నుంచి ఆరు సార్లు. చేతి బరువు తప్ప అదనపు ఒత్తిడి అక్కర్లేదు. తుడిచి టార్చి వేసి చూడండి. చాల్లే అనిపిస్తే కారంతా అదే. చాలకపోతే ప్యాడ్ మార్చి చూడాలి తప్ప మెషీన్‌ను అదిమిపెట్టకూడదు. అంచుల దగ్గర, వంపుల మీద రంగు పలచగా ఉంటుంది, అక్కడ ఆగకుండా దాటిపోవాలి. గోరు తగిలి ఆగే గీతను వదిలేయండి. ఈమధ్యే పెయింట్ వేయించిన డోరు అయితే పెయింటర్‌ని అడిగి, గట్టిపడనిచ్చాకే ముట్టుకోవాలి. వేసవిలో మధ్యాహ్నం ఈ పని అసలొద్దు, రేకు వేడికి పాలిష్ నిమిషంలో ఎండిపోతుంది.

పాలిష్‌లోనే మైనమో సీలెంటో కలిసిన ఆల్ ఇన్ వన్ సీసాలూ దొరుకుతాయి. మెరుపూ కాపూ ఒకే పనిలో అయిపోతాయి. అయితే ఆ మెరుపులో కొంత గీతలు నిజంగా పోవడం వల్ల, కొంత నూనెలు గీతల్ని నింపడం వల్ల వస్తుంది. నాలుగైదు వాష్‌ల తర్వాత నింపినవి మళ్ళీ బయటపడతాయి. తెలిసి కొనుక్కుంటే ఇందులో మోసం లేదు. వేరే పాలిష్ చేసి పైన విడిగా వాక్స్ వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది, నా ఓటు దానికే.

బయట చేయిస్తుంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి: రంగు మందం కొలిచే గేజ్ ఉందా? కారంతటికీ ప్యాడ్లు ఎన్ని వాడతారు? నిండిపోయిన ప్యాడ్ కోయదు, వేడెక్కుతుంది, కొత్త గీతలు పెడుతుంది. ఒక్క ప్యాడ్‌తో మొత్తం కారు చేస్తామన్నవాళ్ళ దగ్గర తాళాలు తిరిగి తీసుకోండి.