కొమర్రాజు వారి ప్రచురణ కృషి: ఒక పరిశీలన

ఆదోని మార్కెట్టుకు పత్తి పంట వచ్చే రోజులలో ఒక్కసారి వెళ్ళి చూడండి. రైతు తెచ్చిన పత్తి నేరుగా బట్ట కాదు. జిన్నింగు మిల్లులో గింజ తీయాలి. తూకంలో సుమారు మూడోవంతు మాత్రమే దూదిగా దక్కుతుంది. ఆ దూది బేళ్ళుగా కట్టబడి, నూలు మిల్లుకు పోయి, నూలై ఎమ్మిగనూరు మగ్గం మీదికి చేరిన తరువాత గాని మనం కట్టుకొనే బట్ట సిద్ధం కాదు. పుస్తకం సంగతీ ఇంతే. పండితుని బుఱ్ఱలోని జ్ఞానం పాఠకుని చేతిలో పడేలోగా గింజ తీసి, నూలు వడికి, నేసి, అమ్మే మనిషి ఒకడు కావాలి. అతడే ప్రచురణకర్త. రచయితల చరిత్రలు మనకు చాలా ఉన్నవి. ప్రచురణకర్త పనిని తూచి చూసిన వ్రాతలు తక్కువ.

అటువంటి వారిలో కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు ముందు వరుసలోని వారు. ఆయన 1877లో పెనుగంచిప్రోలులో జన్మించారు. నాగపూరులో చదివి ఎం.ఏ. పట్టా పొందారు. మునగాల సంస్థానంలో దివాను పని చేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం ఏర్పడడానికీ, 1906లో అక్కడే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టడానికీ ఆయన మూలపురుషుడు. మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు గార్లు అండగా నిలిచారు. మండలి తొలి గ్రంథమైన అబ్రహాం లింకన్ చరిత్రను వ్రాసినవారు మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. 1908లో పత్రికలోని వ్రాతకు ఆయనకు మూడేండ్ల కఠిన శిక్ష పడింది. ఆ ఏడే మండలి మద్రాసుకు మారింది. ఒక ముఖ్య సహచరుడు చెరసాలలో ఉన్నా గ్రంథమాల మాత్రం ఆగలేదు.

ఇందులో మెచ్చుకోదగినవి రెండు విషయాలు. మొదటిది ఎంపిక. కథలకూ కావ్యాలకూ కొనేవారు సులభంగా దొరుకుతారు. పంతులు గారు చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలను కూడా తమ ప్రణాళికలో చేర్చుకొని, శాస్త్రం తెలిసిన వారిని వెదకి తెలుగులో వ్రాయించారు. ఆచంట లక్ష్మీపతి గారి వంటి వైద్యులు ఈ విధంగానే కలం పట్టారు. రెండవది అమ్మకపు పద్ధతి. చందాదారులను ముందుగానే చేర్చుకొంటే, పుస్తకం అచ్చయ్యే నాటికే కొనేవారు ఉంటారు. నష్టభయం తగ్గుతుంది, వెల కూడా తగ్గించవచ్చును. శాస్త్ర గ్రంథం బ్రతకడానికి ఈ లెక్క ఎంతో అవసరం.

ఇక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. గొప్పవారి పనిని పరీక్షించడం వారిని తక్కువ చేయడం కాదు. పంతులు గారి అన్నిటికంటె పెద్ద సంకల్పం ఆంధ్ర విజ్ఞానసర్వస్వం. దానిని అక్షరక్రమంలో వెలువరించబూనారు. 1923లో ఆయన మరణించే నాటికి ఆ పని అకారంతోనే ఆగిపోయింది. పత్తి ‘ప’లో ఉన్నది, మగ్గం ‘మ’లో ఉన్నది. ఆదోని రైతు బిడ్డకు గాని, ఎమ్మిగనూరు నేతగాని బిడ్డకు గాని ఆ సర్వస్వంలో తన ఇంటి విద్య కనిపించే వంతే రాలేదు. ఒక్క మనిషి ఆయుర్దాయం మీద ఆధారపడే పెద్ద పనికి అక్షరక్రమం ప్రమాదకరం. మధ్యలో ఆగితే ఏ ఒక్క శాస్త్రమూ పూర్తిగా చేతికి రాదు. విషయాల వారీగా సంపుటాలు వేస్తే, అచ్చయిన సంపుటం వరకైనా నిండుగా ఉంటుంది. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి తన విజ్ఞానసర్వస్వాన్ని విషయాల వారీగానే వెలువరించింది. తరువాతి వారు ఎంచుకొన్న ఈ దారే మన విమర్శకు బలం.

భాష సంగతి మరొకటి. ఆ కాలపు శాస్త్ర గ్రంథాలు గ్రాంథికంలో, సంస్కృత పదాలతో నడిచాయి. కొత్త భావాలకు కొత్త పదాలు తప్పవు. కాని ఉన్న పదాన్ని వదలి కొత్తది కల్పించడం అనవసరం. ఉదాహరణకు, నేతగాడు ‘నలభై నంబరు నూలు’ అంటాడు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే నూలు నంబరు. కనుక నలభై నంబరు నూలు ఒక పౌనులో 33,600 గజాలు, అనగా సుమారు 19 మైళ్ళు ఉంటుంది. నంబరు పెరిగిన కొద్దీ నూలు సన్నమవుతుంది. పొడవుకూ బరువుకూ గల నిష్పత్తిని చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం ఏది? పడుగు, పేక, ఆసు, కండె వంటి మాటలు తెలిసిన పిల్లవాడికి శాస్త్రం పరాయిది కాదు.

ఉపాధ్యాయులకు ఒక సూచన. సర్వస్వంలో రాని ఆ రెండు వ్యాసాలను, అనగా ‘పత్తి’ని, ‘మగ్గం’ని, మీ విద్యార్థుల చేతనే వ్రాయించండి. ఒక జట్టు మార్కెట్టుకూ, ఒక జట్టు మగ్గాల వీధికీ వెళ్ళి, తూకాలూ కొలతలూ పేర్లూ అడిగి వ్రాసుకొని రావాలి. తరువాత ఒక విద్యార్థి ఆ వ్రాతలను కూర్చి, పొరపాట్లు దిద్ది, శుద్ధప్రతి తయారుచేయాలి. పెద్దవాడొకడు పూనుకొంటే చాలునా, పదిమంది పంచుకొంటేనే పని సాగునా అన్నది వారికి అప్పుడు అనుభవంలోకి వస్తుంది. పంతులు గారి జీవితం వదలివెళ్ళిన ప్రశ్న కూడా అదే.