స్పందించు చిత్రము – దాని పీఠము

మక్తల్ ప్రాంతమున కృష్ణానది ఒడ్డున ముడుమాల్ అను గ్రామము కలదు. బృహచ్ఛిలాయుగపు జనులు పాతిన నిలువురాళ్ళు అచ్చట నేటికిని నిలిచియున్నవి. వానిలో కొన్ని 10 మొదలు 14 అడుగుల ఎత్తున్నవి. ఆయనాంత దినములందు సూర్యుడు ఉదయించు, అస్తమించు దిక్కులకు కొన్ని రాళ్ళ వరుసలు సరిపోవుచున్నవని పరిశోధకులు చెప్పుచున్నారు. ఒక రాతిపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలమును సూచించుననియు వారి అభిప్రాయము. 2025లో ఈ స్థలము యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినది. ఊరక చూచినచో అవి రాళ్ళే. తగిన దినమున, తగిన వేళకు చూపరి వచ్చి తగిన చోట నిలిచినపుడే వాని అర్థము పూర్తియగును. అందుకు కావలసినవి సూర్యుడు, రాయి, కన్ను. వీనిలో ఏదియు ఒక కంపెనీ సరుకు అమ్ముట మానినంత మాత్రమున ఆగిపోవునది కాదు.

చూపరి కదలికను గాని, కంఠధ్వనిని గాని, స్పర్శను గాని గ్రహించి, అందుకు తగినట్లు మారు బొమ్మలను కంప్యూటరు సాయమున కల్పించు కళ గడచిన అర్ధశతాబ్దమున పెరిగినది. దీనిని ఇంటరాక్టివ్ కళ అందురు; స్పందించు కళ అనిన చాలును. దీనిని సమీక్షించువారు తెరపై కనబడుదానిని వర్ణించి విరమింతురు. ఆ బొమ్మ ఏ సాఫ్ట్‌వేరుతో వ్రాయబడినది, ఏ సెన్సరుపై ఆధారపడినది అను ప్రశ్నను మెకానిక్కుల పనియని వదలివేయుదురు. ఇది పొరపాటు. తైలవర్ణ చిత్రము పూర్తియైన పిదప కుంచె విరిగినను చిత్రమునకు హాని లేదు. స్పందించు చిత్రము అట్లు కాదు. ప్రదర్శించిన ప్రతిసారియు పనిముట్టే దానిని క్రొత్తగా గీయవలయును. కనుక పనిముట్టు పోయిన బొమ్మయు పోవును. బొమ్మను మోయు ఈ పనిముట్టునే ఇచ్చట పీఠము అనుచున్నాము.

ఇందుకు ప్రబల సాక్ష్యము ఫ్లాష్. 1996లో జొనాథన్ గే, అతని సహచరులు ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అను సాఫ్ట్‌వేరును వెలువరించిరి. ఆ సంవత్సరాంతముననే మాక్రోమీడియా కంపెనీ దానిని కొని ఫ్లాష్ అని పేరు మార్చినది. బొమ్మను చుక్కలుగా కాక రేఖల గణితముగా దాచుటచే దాని ఫైళ్ళు చాల చిన్నవి. టెలిఫోను తీగపై నత్తనడకన వచ్చు నాటి ఇంటర్నెట్టుకు ఇది వరమైనది. 2000లో ఆక్షన్‌స్క్రిప్ట్ అను భాష తోడగుటతో, మౌసు ఇచ్చటికి వచ్చిన ఈ పక్షి ఎగురవలయునని చిత్రకారుడే ఆజ్ఞాపింపగలిగెను. ఇంజనీరింగు చదువనివారెందరో ఆ దారిన ఈ కళలో ప్రవేశించిరి. ఫ్లాష్ చేసిన మేలును తక్కువ చేసి చెప్పరాదు.

2005లో అడోబి కంపెనీ మాక్రోమీడియాను కొన్నది. హైదరాబాదున పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబి అధిపతి అయిరి. ఫ్లాష్ కథ ముగిసినది ఆయన హయాములోనే. అది భద్రత లోపించినదనియు, ఫోను బ్యాటరీని త్వరగా హరించుననియు, ఒకే కంపెనీ గుప్పిటనున్నదనియు 2010లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగముగా ఆక్షేపించెను. 2017 జూలైలో అడోబి దానిని విరమింపనున్నట్లు ప్రకటించినది. 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగినది. 2021 జనవరి 12 నుండి ఫ్లాష్ ప్లేయరు ఫ్లాష్ బొమ్మలను తానే అడ్డగించినది!

భద్రత దృష్ట్యా ఆ నిర్ణయము సబబే. నిందింపదగినది వేరొకటి. ప్లేయరు సోర్సు కోడును, అనగా ప్రోగ్రాము అసలు వ్రాతను, లోకమునకు విడిచిపెట్టుమని కొందరు కోరినను కంపెనీ విడువలేదు. కనుక రఫుల్ అను పేర స్వచ్ఛందముగా పనిచేయువారు ఆ ప్లేయరు నడవడిని గమనించి, దానికి బదులు వేరొకదానిని మొదటినుండి వ్రాయవలసివచ్చినది. దాని సాయమున ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుండి పాత బొమ్మలను చూపసాగినది.

ఇక హార్డ్‌వేరు మాట. 2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ ఆటల కొరకు కినెక్ట్ అను పరికరమును విడుదల చేసినది. అది కంటికి కనబడని పరారుణ చుక్కలను గదిపై చల్లును. వస్తువు దగ్గరనున్న చుక్క ఒక చోట, దూరముననున్న మరియొక చోట పడును. ఆ తేడాను ప్రక్కనున్న కెమెరా చూడగా, త్రిభుజముల లెక్కచే దూరము తేలును. సర్వేయరు పొలమున చేయు పనియే, సెకనుకు 30 సారులు! అంతవరకు వేల డాలర్లు పలికిన దూరమాపక కెమెరా 150 డాలర్లకు దిగివచ్చినది. విడుదలైన వారములోపలనే హెక్టర్ మార్టిన్ అను స్పెయిన్ దేశస్థుడు దాని సంకేతములను విప్పి, సాధారణ కంప్యూటరుకు తగిలించు దారి చూపెను. కళాకారులు దానిపై వాలిరి.

క్రిస్ మిల్క్ 2012లో ప్రదర్శించిన "ద ట్రెచరీ ఆఫ్ శాంక్చువరీ" అట్టిది. ఎత్తైన మూడు తెరలు, వాని ముందొక నీటి మడుగు. చూపరి నీడ మొదటి తెరపై పక్షులుగా చెదరిపోవును. రెండవదానిపై పక్షులు దిగివచ్చి నీడను పొడిచి తినును. మూడవదానిపై నీడకే రెక్కలు మొలచును. తోలుబొమ్మలాట ఎరిగిన తెలుగువారికి తెరపై నీడ క్రొత్తది కాదు. కాని అందు నీడను ఆడించువాడు తెర వెనుక నుండును. ఇందు చూపరియే ఆడును. రెక్కలు మొలచుట చూపరిని మురిపించునేగాని, తన దేహము తన యెదుటనే చెదరిపోవు మొదటి తెరయే మనస్సున నిలుచునది.

2017లో మైక్రోసాఫ్ట్ కినెక్టు తయారీని మానినది. అప్పటి అధిపతి సత్య నాదెళ్ళ. ఆయనయు హైదరాబాదు వారే, నారాయణ్ చదివిన హైదరాబాదు పబ్లిక్ స్కూలులోనే చదివినవారు. 2019లో అజూర్ కినెక్టు పేర మరల వచ్చిన పరికరము కూడ 2023లో ఆగినది. అమ్ముడుపోని సరుకును మానుట వ్యాపారికి తప్పు కాదు. ఐతే కళాకారునికి అది సరుకు కాదు, బొమ్మకు కన్ను. ఇకమీద పాత పరికరములను వెదకి దాచుకొనుటయో, వేరొక కెమెరాకు తగినట్లు ప్రోగ్రామును తిరిగి వ్రాయుటయో తప్పదు.

వీని ప్రక్కన ప్రాసెసింగును నిలిపి చూడవలెను. 2001లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కేసీ రీస్, బెన్ ఫ్రై దానిని ఆరంభించిరి. అది ఉచితము, సోర్సు కోడు బహిరంగము. అందలి ప్రోగ్రాములో ముఖ్యభాగములు రెండు. ఒకటి ఆరంభమున ఒక్కసారి నడచును. రెండవది సాధారణముగా సెకనుకు 60 సారులు బొమ్మను తిరిగి గీయుచుండును. నోటుబుక్కు అంచులలో బొమ్మలు గీసి పుటలు గబగబ త్రిప్పిన పిల్లలకు ఈ సూత్రము తెలిసినదే. దీనికిని దెబ్బ తగులకపోలేదు. తొలినాళ్ళలో ఈ బొమ్మలు జావా ఆప్లెట్లుగా వెబ్ పుటలలో ఉండెడివి. 2015లో క్రోము బ్రౌజరు జావా ప్లగిన్‌ను తొలగింపగా అందు అవి మూగవోయినవి. ఐతే సోర్సు కోడు దాచుకొన్నవారు తమ బొమ్మలను కంప్యూటరుపై మరల నడుపుకొనిరి. పిదప లారెన్ మెకార్తీ ఆరంభించిన పి5.జె.ఎస్.లోనికి మార్చి తిరిగి వెబ్ పుటలకెక్కించిన వారును కలరు.

హార్డ్‌వేరులో ఇట్టిది ఆర్డుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున పుట్టినది. ఎర్నాందో బర్రగాన్ అను కొలంబియా విద్యార్థి 2003లో అచ్చటనే చేసిన వైరింగ్ దీనికి మాతృక. ఆయన పేరు తరచు మరుగున పడుట విచారకరము. 2025 అక్టోబరులో క్వాల్‌కామ్ ఈ కంపెనీని కొననున్నట్లు ప్రకటించినది. కంపెనీ పోకడ ఎట్లు మారినను, ఊనో బోర్డు పటము బహిరంగమైనది. కనుకనే ఇతరులు చేసిన అట్టి బోర్డులు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో చౌకగా దొరకుచున్నవి.

2016 నుండి వెలసిన అటల్ టింకరింగు లాబులలోను ఈ బోర్డులు కలవు. కాని వానితో తరచు చేయించునది అడ్డు తప్పించుకొను బండి, మూత తెరచుకొను చెత్తబుట్ట. ముడుమాల్ రాళ్ళను బల్లపై నిలుపరాదా? మక్తల్ అక్షాంశమున జూన్ ఆయనాంతము నాడు సూర్యుడు సరియగు తూర్పునకు సుమారు 24.5 డిగ్రీలు ఉత్తరముగా, డిసెంబరులో అంతే దక్షిణముగా ఉదయించును. మట్టిరాయి నొకదానిని నిలిపి, జూన్ దిక్కున దీపముంచినపుడు రాతినీడ పడు చోట ఒక ఎల్.డి.ఆర్. అమర్చవలెను. 10 కిలో ఓముల నిరోధమును దానితో వరుసగా కలిపి, రెంటి నడుమనుండి తీగను బోర్డు అనలాగు పిన్నుకు చేర్చవలెను. బోర్డు 0 నుండి 5 వోల్టుల వరకు 0 మొదలు 1023 సంఖ్యలుగా చదువును. ఎల్.డి.ఆర్. 5 వోల్టుల వైపున్నచో నీడ పడగనే సంఖ్య తగ్గును. అపుడు ప్రాసెసింగు తెరపై సప్తర్షులను వెలిగించును. దీపమును త్రిప్పు పిల్లవాడే సూర్యుడు. ఎంత తగ్గిన వెలుగవలెనను హద్దును మాత్రము ప్రోగ్రాములో ముందే వ్రాసి ఉంచరాదు. ఉదయము మూసిన గదిలో సరిపడిన సంఖ్య, మధ్యాహ్నము కిటికీలు తెరచిన గదిలో పనిచేయదు. ఆట ఆరంభమున గది వెలుతురును కొలిచి, దానిని బట్టి హద్దును నిర్ణయించునట్లు వ్రాయవలెను.