ముల్లు ఇంకా టైర్లోనే ఉంది

కొత్త మౌంటెన్ బైకు కొన్నవాళ్ళు మొదటి పంచర్‌ని పెద్దగా పట్టించుకోరు. రెండోదానికి చిరాకుపడతారు. అదే చక్రం మూడోసారి చప్పబడితే మాత్రం బండిని కొన్నచోటికి తోసుకెళ్ళి ట్యూబు నాసిరకమని గొడవకు దిగుతారు. షాపువాళ్ళు కొత్త ట్యూబు వేసి పంపిస్తారు. మర్నాడు పొద్దున్నే గండిపేట వైపు మట్టిదారి పట్టి నాలుగు మలుపులు తిరిగేసరికి మళ్ళీ గాలి పోతుంది.

ఇలా వరసగా పంచర్లవుతుంటే తప్పు చాలాసార్లు ట్యూబుది కాదు. దాన్ని పొడిచేది టైర్లోనో రిమ్ములోనో భద్రంగా కూర్చుని ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా ఎన్ని ట్యూబులు మార్చినా దండగే.

మన దగ్గర ముందుగా అనుమానించాల్సింది సర్కారు తుమ్మని. చెరువు గట్లమీద, బీళ్ళలో, రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఉండే ఈ కంప మన నేలది కాదు, మధ్య అమెరికా ప్రాంతాలది. కరువు సీమలో వంటచెరకు కోసం ఈ విత్తనాలు తెప్పించమని 1876లో అటవీ సంరక్షణాధికారి కల్నల్ బెడ్డోమ్ మద్రాసు రెవెన్యూ శాఖకు రాశాడు. మరుసటి ఏడాది కడప జిల్లా కమలాపురంలో నాటారు. గొర్రెలు, మేకలు, పశువులు కాయలు తిని విత్తనాల్ని ఊరూరా చేరవేశాయి. పొలాల చుట్టూ కంచెకి కొట్టి వేసిన కంప ఎండి, విరిగి, బాటల్లో పడుతుంది. ఎండిన ముల్లు మేకులా దిగుతుంది. రబ్బరులో దిగాక మొదలు విరిగిపోయి మొన మాత్రం లోపల మిగిలిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు.

అనుభవమున్న పంచర్ మేస్త్రీ పని చేస్తున్నప్పుడు అతని చేతుల్ని గమనించాలి. ట్యూబు బయటికి లాగేముందే వాల్వుకి ఎదురుగా టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటాడు. ట్యూబుకి గాలి కొట్టి నీళ్ళటబ్బులో తిప్పుతాడు. బుడగలు వచ్చినచోట వేలు నొక్కిపట్టి, తుడిచి, ట్యూబుని మళ్ళీ టైరు పక్కనే గీతకు సరిగ్గా పరుస్తాడు. చిల్లుకి ఎదురుగా టైర్లో ఏముందో ఇప్పుడు అక్కడే వెతకాలి. వేళ్ళు పెట్టడు, గుచ్చుకుంటుంది. పాత గుడ్డముక్కతో లోపలంతా నెమ్మదిగా తుడుస్తాడు. ఒకచోట దారప్పోగు పట్టుకుంటుంది. టైరుని అక్కడ వెనక్కి విరిస్తే నువ్వుగింజంత నల్లటి మొన బయటపడుతుంది. దాన్ని కటింగ్ ప్లయరుతో లాగిన తర్వాతే సొల్యూషన్ డబ్బా మూత తీస్తాడు. మొత్తం పనిలో విద్య అంతా ఈ వెతుకులాటలోనే ఉంది. ప్యాచ్ వేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు, కాకపోతే సొల్యూషన్ తడి ఆరేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి అతికిస్తే అంచు లేచి మళ్ళీ గాలి పోతుంది.

చిల్లు ట్యూబుకి బయటివైపు కాకుండా రిమ్ము వైపు ఉందనుకోండి, అప్పుడు ముల్లు కోసం వెతకడం అనవసరం. కొత్త బండ్లకే ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. స్పోకుల నిపుల్స్ కూర్చునే గుంతల మీద ఒక పట్టీ ఉంటుంది, దాన్ని రిమ్ టేప్ అంటారు. బండి బిగించేటప్పుడు అది కాస్త పక్కకి జరిగితే చాలు, గాలి ఒత్తిడికి ట్యూబు ఆ గుంతలోకి దిగి అంచుకి కోసుకుంటుంది. ఏ స్పోకు కొసైనా పైకి పొడుచుకొచ్చినా అంతే. టేపుని సర్దాలి, లేదా రిమ్ము వెడల్పుకి సరిపోయేది కొత్తది వేయాలి. కొసని ఆకురాయితో అరగదీయాలి. ఖర్చు తక్కువ, కానీ ఎవరో ఒకరు టైరు విప్పి లోపల చూడాలి కదా.

పక్కపక్కనే రెండు సన్నటి చీలికలు కనబడితే గాలి తక్కువైందని అర్థం. రాయిమీదికో గుంత అంచుమీదికో ఎక్కినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండుచోట్ల తెగుతుంది. వెడల్పు టైరుని బొటనవేలితో నొక్కి చూసి గాలి సరిపోయిందనుకోవడం కొత్తవాళ్ళ అలవాటు. ఎంతవరకు కొట్టవచ్చో టైరు పక్కభాగం మీదే అచ్చయి ఉంటుంది. గేజీ ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం రెండు స్పేర్ ట్యూబులు కొనడం కన్నా మేలు.

గాలి టైరు పుట్టిన కాలంలో పంచర్ బాధ ఇంకా ఎక్కువ. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ పేటెంటు తీసుకున్న టైరుని రిమ్ముకి జిగురుతో అతికించేవారు. పంచరైతే ఊడదీసి, బాగుచేసి, మళ్ళీ అతికించి రాత్రంతా ఆరబెట్టాలి. 1891లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరులు విప్పదీయగల టైరు తెచ్చారు. మరుసటి ఏడాది పారిస్ నుంచి క్లెర్మాంట్-ఫెర్రాండ్‌కి పందెం పెట్టి, దారిలో తామే మేకులు చల్లించారు! పంచర్ కాని టైరని వాళ్ళు చెప్పుకోలేదు. దారిలోనే బాగుచేసుకోవచ్చని అందరికీ చూపించారు. అమ్మేవాడిలో ఉండాల్సిన నిజాయితీ అది.

ముల్లు బాధ మనకొక్కరికే కాదు. మన బీళ్ళలో కాళ్ళకి గుచ్చుకునే పల్లేరుకాయ అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సైకిళ్ళ పాలిట శత్రువు. 1961లో ఆ మొక్కని తినే ముక్కుపురుగుల్ని అక్కడ వదిలారు. వాటి సొంతగడ్డల్లో మన దేశం ఒకటి. ఐడహోలోని బోయిసీ పట్టణంలో 2018లో సైకిలువాళ్ళు ఈ పల్లేరు పేరుమీదే పండగ మొదలుపెట్టి, ముందుగా ఆ మొక్కల్ని బస్తాలకొద్దీ పీకి తెచ్చారు.

ముళ్ళదారుల్లో రోజూ తిరిగేవాళ్ళకి ట్యూబ్‌లెస్ మంచి దారి. లోపల పోసిన సీలెంట్ ముల్లు చేసిన చిల్లుని అప్పటికప్పుడే పూడుస్తుంది. మన ఎండలకి అది తొందరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. తక్కువ ధర బండ్ల రిమ్ములు చాలావరకు దీనికి పనికిరావు. కొనేముందే ఆ మాట అడగాలి. అలాగే బండి చేతికిచ్చేముందు ఒక చక్రం విప్పి రిమ్ టేప్ చూపించమనాలి. పది నిమిషాల పని, ఏ మంచి షాపూ కాదనదు.