గచ్చు క్రింది సంగతి

తమిళనాట కోవిల్పట్టి దాటి, దక్షిణమునకు సాగు రైలు కడంబూరులో ఆగినంతనే కిటికీలయొద్దకు పోళీలు వచ్చును. వాని నేతివాసనకంటె ముందుగా నా యొంటికి తగులునది ప్లాట్‌ఫారము సెగ. అట్టి యూరివాడు నేలక్రింద వేడినీరు పారించు ఇండ్లనుగూర్చి వ్రాయబూనుట చదువరులకు వింతగా తోచవచ్చును.

మొన్నటి మాఘమున జర్మనీలో మా అబ్బాయి యింట నెలదినములుంటిని. తొలినాటి వేకువను, చలిస్పర్శకు మనస్సును సిద్ధపరచుకొని వట్టికాళ్లతో మంచము దిగిన నాకు, అప్పుడే పిల్లి లేచిపోయిన చోటివలె నేల నులివెచ్చగా తగిలెను. గదిలో పొయ్యి లేదు. గోడకు వేడినిచ్చు ఇనుపపెట్టెలును లేవు. తొలుత దళసరి నురుగుపలకలు పరచి, వానిపై ప్లాస్టికు గొట్టములను జానెడులోపు ఎడముతో మెలికలుగా త్రిప్పి, మీద సిమెంటు పోసి మట్టము చేయుదురట. గదివైశాల్యమంతయు వేడిని వెలార్చుచుండుటచే గొట్టములలో 35 మొదలు 45 డిగ్రీల నీరే చాలును. గచ్చు పైభాగము 29 డిగ్రీలు మించనీయరు. కావుననే బయటి చలిగాలినుండి సైతము వేడిని లాగుకొను హీట్‌పంపునకు ఇది చక్కని జోడు. పాదములు వెచ్చగను తల చల్లగను ఉండుట గొప్ప సుఖము. అయితే బరువైన గచ్చు వేడెక్కుటకు గంటలు పట్టును, తొందరగలవానికిది పనికిరాదు.

నన్ను ఆలోచింపజేసినది మాత్రము ఆ నురుగుపలక. అది లేనిచో వేడిలో మంచిభాగము భూమి త్రాగివేయునని గచ్చును భూమినుండి వేరుచేయుదురు. మావారు కోరినది ఆ దాహమునే. మా కరిసలు నేల, అనగా నల్లరేగడి, వానకు ఉబ్బి, ఎండకు చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. దానిపై నేరుగా పోసిన గచ్చు నిలువదు. అందుచే మా కొత్తనారు (మేస్త్రిని మావైపు తెలుగిండ్లలోను అట్లే పిలుతురు) నల్లమట్టిని తీయించి, గరుసును ఇసుకను నింపి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టించి, కంకరపై ఎఱ్ఱసిమెంటును తాపీతో అద్దమగునట్లు రుద్దును. చిత్తిరై నెల ఎండలలో మా పెద్దమ్మ చాపను చుట్టి మూలకు నెట్టి, ఆ గచ్చుపై చెంప ఆన్చి పండుకొనును. ఆ చోటు వెచ్చనగానే ప్రక్కకు మూరెడు జరుగును.

జర్మనీ ముచ్చట చెప్పగా ఆమె, “నేల కింద పొయ్యి పెట్టినారా?” అనెను. నవ్వితిని, నవ్వదగిన మాట కాదు. కొరియావారి ఓందోలు అచ్చముగా అదియే: వంటింటి పొయ్యి పొగను పలకరాళ్ల క్రిందుగా నడిపి అవతలి పొగగొట్టమున విడుచుట. రోమనులును స్నానశాలల నేలను పొట్టి ఇటుకకంబములపై నిలిపి, క్రింద వేడిగాలిని పోనిచ్చిరి. ఇదంతయు విని ఆమె గచ్చును అరచేత తడుముచు కొంతతడవు ఊరకుండి, “అది సరే నాయనా, బూడిద ఎవరెత్తుతారు?” అని యడిగెను.